పెద్దమ్మ దాచిన జబ్బు

మొన్న డాక్టరమ్మగారు నా రక్తపరీక్ష ఫలితం చూసి, రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యులోపం నాలో ఉందని, అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుందని చెప్పి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకసారి అడగమన్నారు. నాకింకా జబ్బు రాలేదు. అదే జబ్బుతో చెల్లి పోయింది కాబట్టి మా అమ్మాయి పట్టుబట్టి చేయించిన పరీక్ష అది. అడగడానికి మాకు మిగిలిన పెద్దదిక్కు అమ్మ అక్క ఒక్కతే, మా పెద్దమ్మ.

పచ్చకామెర్లతో అమ్మ పోయాక (అప్పట్లో మాకు చెప్పింది అదే) రాజోలులో మా ఇద్దర్నీ పెంచింది ఆవిడే. మా ఈడువాళ్ళకి ఆ ఆదివారాలు గుర్తుండే ఉంటాయి: చర్చికి వెళ్ళేముందు అరుగు మీద కూర్చోబెట్టి, తలనిండా కొబ్బరినూనె పెట్టి, కళ్ళు లాగేసేంత బిగించి రెండు జడలు అల్లేది. నేను ఏడో తరగతిలో ఉండగా మోకాళ్ళ నొప్పులకని మద్రాసు వెళ్ళి, సగానికి సగం చిక్కిపోయి తిరిగొచ్చింది. మాకు గాజులూ రిబ్బన్లూ తెచ్చింది కానీ కుడిచెయ్యి పైకి లేచేది కాదు. రైలు దిగుతూ పడ్డానంది. చాలాకాలం ఆవిడకి మేమే జడ వేసేవాళ్ళం, ఆ పనికోసం పోట్లాడుకునేవాళ్ళం కూడా.

పరీక్ష సంగతి చెప్పడానికి రాజోలు వెళ్తే, అంతా విని పీట నా దగ్గరికి జరుపుకుంది.

"మీ అమ్మది ఒట్టి కామెర్లు కాదే. రొమ్ములో గడ్డ. కామెర్లు ఆఖర్న వచ్చేయి. మా అమ్మదీ అదే జబ్బు. మద్రాసులో నాకు కోసేసిందీ అదే," అంది.

అంటే తెలుసు కాబట్టే, గడ్డ చిన్నదిగా ఉండగానే పరుగెత్తింది. బతికింది. జాకెట్టులో గుడ్డ మడిచి పెట్టుకుని ఇన్నేళ్ళూ మా మధ్యే తిరిగింది.

"గడ్డ తగిలినప్పుడు చెల్లి నిన్నే అడిగింది కదా పెద్దమ్మా, మనింట్లో ఎవరికైనా ఉందా అని?"

"ఊఁ, అడిగింది."

"లేదన్నావు. వేడి గడ్డలే, తగ్గిపోద్దన్నావు."

"దాని కూతురికి పెళ్ళిమాటలు నడుస్తున్నాయే అప్పుడు. వంశంలోనే ఉందంటే పిల్లనెవరు చేసుకుంటారు? ప్రభువు చూసుకుంటాడనుకున్నాను."

ఆ మాట నమ్మే చెల్లి, కూతురి పెళ్ళయ్యేదాకా ఆసుపత్రి గడప తొక్కలేదు. తొక్కేసరికి జబ్బు ఎముకల్లోకి పాకింది. ఆవిడ కలిపిచ్చిన టీ తాగకుండానే బస్సెక్కేశాను.

ఇప్పుడు మా అమ్మాయీ, చెల్లి కూతురూ అన్నాల దగ్గర, మగవాళ్ళ ఎదుటే, ఈ పరీక్షల గురించి మాట్లాడుకుంటుంటే ఆశ్చర్యంగా వింటాను. మా రోజుల్లో ఆ మాటలు తలుపు గడియ వేసుకున్నా ఎవరి నోటా వచ్చేవి కావు. కాలం మారినందుకు సంతోషమే. కానీ నా చిన్నతనంలో ఏది తలుచుకోబోయినా చెల్లే అడ్డం వస్తోంది. పెద్దమ్మ ఫోను చేస్తే మాట్లాడతాను. ఎలా ఉన్నావే అంటే బాగానే ఉన్నానంటాను. ఒకప్పుడు ఆవిడకి అన్నీ చెప్పుకుంటేగానీ నాకు నిద్రపట్టేది కాదు.