గానుగ దగ్గర మనోవర్తి

మా కోడలు వంటింట్లో బెల్లం కరిగిస్తోంది. ఆ తీపి ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, వర్ని దారిలో చెరుకు తోటలు మంచులోంచి మెల్లగా తేలివస్తాయి. వాటి నడుమ రాజక్క నడుస్తూ ఉంటుంది.

నిజామాబాదులో ఆమె మా పక్కింటి మనిషి. నేను కొత్తకోడలిగా వచ్చి బిక్కుబిక్కుమంటూ ఉంటే, చేతికి రోకలి ఇచ్చి, వడ్లు దంచే పనికి వెంట తీసుకుపోయింది. వర్ని దారిలోని పల్లెలో చెరుకు పండించే మొగుడు మరొకతెను తెచ్చుకుని ఆమెను వెళ్ళగొట్టాడు. తెగతెంపులు తేలేదాకా నెలనెలా మనోవర్తి ఇవ్వాలని మున్సిఫు కోర్టు తీర్పిచ్చింది. ఆ మహానుభావుడు ఒక్క నెలా ఇవ్వలేదు. కోర్టు జవాను జప్తుకు పోతే, పంటంతా తమ్ముడిదని చేతులు దులుపుకున్నాడు. ఇక్కడ కిరాయి కట్టలేక రాజక్క ఉన్న గది కూడా పోయేలా ఉంది.

"ఆయన గానుగ కాడ బెల్లం వండేనాడు పోదాం. తోడు రా చెల్లె," అంది.

ఆమె మొగుడి ఊళ్ళో ఒక పట్టింపు ఉండేది. గానుగ దగ్గరికి వచ్చినవాళ్ళు చెరుకు రసం తాగకుండా పోతే ఆ ఏడు బెల్లం గడ్డకట్టదని భయం. మేము చేరేసరికి పొద్దుటి మంచూ పాకం కాగే పెనం ఆవిరీ కలిసిపోయి, మనుషులు మబ్బులో తిరుగుతున్నట్టు ఉన్నారు. పాకం కాచే ముసలాయన చెంబుతో రసం తెచ్చాడు.

"తాగు బిడ్డా."

"తాగుత తాతా. మొదలు కోర్టు చెప్పింది నా చేతుల పెట్టుమను."

చెంబు పక్కన పెట్టి కూర్చుంది. పాకం చిక్కబడుతోంది. కూలీలు గుసగుసలు మొదలుపెట్టారు. చివరికి మొగుడే ఒక బెల్లం గడ్డ పట్టుకొచ్చాడు.

"గిది తీస్కొని పో."

"గది బిచ్చం. నాకొద్దు."

ముసలాయన గరిటె కింద పెట్టేశాడు. "పటేలా, ఈమె నోరు తడవంది నేను పెనం దించ."

మొగుడు విసవిసా ఇంటికి పోయి పైకం తెచ్చాడు. ఆమె ముఖం వైపు చూడకుండానే చేతిలో పడేశాడు. రాజక్క కొంగున ముడివేసుకుని, చెంబెత్తి గుక్క విడవకుండా రసం తాగింది.

తిరుగుదారిలో నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "గెలిచినం గదక్కా!" అన్నాను.

రాజక్క కాలువ గట్టు మీద ఆగింది.

"పైసలిచ్చిండు. మంచిగున్నవా అని ఒక్క మాట అడగలే చెల్లె," అని ఏడ్చింది. అంతవరకూ ఆమెకు అతనంటే కోపం ఒక్కటే ఉందనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పటికీ పాలవాడికైనా చాకలికైనా ఇవ్వాల్సింది ఇచ్చేటప్పుడు, ముందు ముఖంలోకి చూసి ఎట్లా ఉన్నావని అడుగుతాను. పైసలు చేతిలో పెట్టేది ఆ తర్వాతే.