దొరగారికీ నాకూ మధ్య దారం

నేను కుక్కల ఆసుపత్రిలో పనిచేస్తానంటే కుక్కల్ని కట్టేసే పని అనుకుంటారు. నిజానికి అక్కడ కుక్కకి నన్ను కట్టేస్తారు.

కుక్కకి పళ్లు తీసేటప్పుడు మత్తిచ్చి, ఊపిరాడటానికి గొంతులో గొట్టం వేస్తారు. నీళ్లూ నెత్తురూ లోపలికి జారకుండా గొట్టం చుట్టూ గుడ్డముక్క కుక్కుతారు. ఆ గుడ్డ మర్చిపోయి గొట్టం తీసేస్తే, బుల్లికుక్కకి ఊపిరాడే దారే ఉండదు. అందుకని మా డాక్టరమ్మ గుడ్డకి పొడుగాటి దారం కట్టి, రెండో కొస నా చూపుడువేలికి ముడేస్తుంది. ఇక నాకు ముక్కు దురద పెట్టినా రెండో చెయ్యే గతి.

ఇంతకంటే నాకు తగిన ఉద్యోగం లేదు. అమ్మ మంచాన పడ్డప్పుడు తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. నోరు అంతకుముందే ఆగింది. ఎవరేం అడిగినా తల దానంతటదే ఊగుతుంది. కాంపౌండర్ బాబాయ్ నన్ను గంగిరెద్దు అంటాడు. దానికీ తలూపుతాను. ఓసారి "గదులన్నీ నువ్వే కడుగుతావుగా?" అన్నాడు. కడిగాను.

ఆ రోజు బల్లమీద సైకిల్ షాపు తాత కుక్క. పేరు దొరగారు. చప్పిడి ముక్కు, మెలకువలోనే గురక. తాత బయట బెంచీ మీద ఖాళీ మెడపట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఇంట్లో వాడూ నేనే అమ్మాయ్. కాస్త చూసుకో."

తలూపాను.

చప్పిడిముక్కు కుక్కలకి మత్తు దిగేటప్పుడే గండం. బాగా తెలివొచ్చి గుటకలు వేసేదాకా గొట్టం తీయకూడదు. పళ్ల పని అయింది. దొరగారు గుటకలు వేశారు. డాక్టరమ్మ గొట్టం పట్టుకుంది.

"గుడ్డ వచ్చేసిందా?"

నా తల ఊగింది. ఊగాక వేలివైపు చూశాను. ముడి ఉంది, జానెడు దారం ఉంది, దాని కొసన ఏమీ లేదు. ఏ పనిముట్టు తగిలి తెగిందో, మిగతా దారం, గుడ్డా దొరగారి గొంతులోనే ఉన్నాయి.

వేలు ఎత్తి చూపించాను. ఎవరూ చూడలేదు. గట్టిగా దగ్గాను. బాబాయ్ మంచినీళ్లు తాగమన్నాడు.

గొట్టం కదిలింది. చెల్లి పొయ్యిలో చెయ్యి పెట్టబోతే వచ్చే గొంతు అప్పుడొచ్చింది నాకు.

"ఆగవే దరిద్రపుదానా! గుడ్డ లోపలే ఉంది!"

డాక్టరమ్మ ఆగింది. లైటు వేసి, సన్నటి పటకారుతో తడిసిన గుడ్డని బయటికి లాగి, అప్పుడు గొట్టం తీసింది. దొరగారు తుమ్మి, గురక అందుకున్నారు.

"నేను దరిద్రపుదాన్నా?" అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ.

తల ఊగబోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇకనుంచి గుడ్డ నా చేతిలో పెట్టి నోటితో చెప్పు. తలూపితే చెల్లదు. వెళ్లి తాతకి కూడా నువ్వే చెప్పు."

వెళ్లాను. తాత లేచి నిలబడ్డాడు.

"బాగున్నాడు," అన్నాను.

తాత చెవి ముందుకు పెట్టాడు. "ఏంటమ్మా?"

లోపల్నుంచి బాబాయ్ అన్నాడు: "గంగిరెద్దూ, ఇందాకటి గొంతుతో చెప్పవే."