చూడని మ్యాచ్‌కు పది రూపాయల టికెట్టు

పీడీ సారు పోయిన సంగతి మా పాలాయన చెప్పాడు. పొద్దున్నే గిన్నెలో పాలు పోసి, రోజూలాగా బండెక్కి వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నెల డబ్బులు అడుగుతాడేమో అనుకున్నాను. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని, "మేడం, మన పీడీ సారు పోయిండు. నిద్రలనే పాణం పోయిందట" అన్నాడు. నేను తేరుకోకముందే, "నా సగం టికెట్లన్నీ దేవుని పటం ఎన్కనే దాచిపెట్టిన" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సగం టికెట్ల మాట బయటివాళ్ళకు అర్థం కాదు. మా కార్వాన్ బస్తీలో మాత్రం చాలా ఇళ్ళకు అర్థమవుతుంది. నాకైతే గుండెల్లో గుచ్చుకున్నట్టే అయింది. ఎందుకంటే నా దగ్గర ఉన్నది సగం టికెట్టు కాదు, పూర్తి టికెట్టు.

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్. అఫ్జల్‌గంజ్ పక్కన ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేవారు. ఇల్లు మా వెనక గల్లీలోనే. ఆయనకూ ఒక పేరుంది గానీ ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఇంటావిడ కూడా "మా సారు" అనే అనేది. నేను ఆ కాలేజీకి నాలుగు అడుగుల దూరంలో ఉన్న బ్యాంకులో క్యాషియర్‌ని. పోయినేడే రిటైరయ్యాను. నాకు పుట్టుకతో ఒక జబ్బు ఉంది, ఆరా తీయడం. ఎవరైనా చిరిగిన నోటు ఇస్తే మార్చి ఊరుకోను, అది ఎలా చిరిగిందో కనుక్కుంటేగానీ నాకు మధ్యాహ్నం అన్నం సయించదు.

సారుతో స్నేహం కూడా ఆ జబ్బు వల్లే కుదిరింది. ఏటా కాలేజీల మధ్య కబడ్డీ పోటీలు అయ్యాక ఆయన ఒక గుడ్డసంచీ తెచ్చి నా కౌంటర్ ముందు పెట్టేవారు. అన్నీ పది రూపాయల నోట్లు, బిళ్ళలు. కొన్నింటికి పల్లీల ఉప్పు, కొన్నింటికి పసుపు, కొన్నింటికి పేడ వాసన.

"ఏంది సార్ ఇది? ఏ దుకాణం నడుపుతున్నరు మీరు?" అని అడిగాను మొదటిసారి.

"ఆటల దుకాణం మేడం. గేటు పైసలు" అన్నారాయన.

కాలేజీ మైదానానికి చుట్టూ గోడ, ఒకటే గేటు. మ్యాచ్ ఉన్న రోజు సారు ఆ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని టికెట్లు తానే చింపేవారు. సగం ఆయన డబ్బాలో, సగం చూసేవాళ్ళ చేతిలో. ప్రిన్సిపాల్ వచ్చినా టికెట్టే. ఇంటావిడ టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చినా టికెట్టే. అన్నిటికంటే ముందు తన జేబులోంచి పది రూపాయలు తీసి, తనకొక టికెట్టు తానే కోసుకుని, తానే చింపుకునేవారు. "ఫుకట్ల చూసేటోనికి ఆట కండ్లకు కనబడది మేడం" అనేవారు. చూసేవాళ్ళలో బర్రెల కొట్టాలవాళ్ళు, అఫ్జల్‌గంజ్‌లో మూటలు మోసేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, ఆ పిల్లల మేనమామలు, ఆ మేనమామల పనివాళ్ళు. ఆడపిల్లల కబడ్డీకి ఇంతమందా అని నేను ముక్కున వేలేసుకున్నాను.

కాలేజీ ఇచ్చే నిధి మోకాలి పట్టీలకే సరిపోయేది కాదు. పిల్లలకు పొద్దున పాలు, గుడ్లు, బయటి మ్యాచ్‌లకు బస్సు కిరాయి, మడమ బెణికితే డాక్టరు, అన్నీ ఆ గుడ్డసంచీలోంచే. ఒక రోజు మ్యాచ్‌కు జనం తగ్గితే మరుసటి రోజు గుడ్లు తగ్గేవి. అంత నేరుగా ఉండేది ఆ లెక్క.

తర్వాత కరోనా వచ్చింది. లాక్‌డౌన్ ఎత్తేశాక ఆడుకోవచ్చన్నారు గానీ, చూడ్డానికి ఒక్కరు కూడా రాకూడదన్నారు. బ్యాంకు కిటికీలోంచి ఆ మైదానం గేటు కనబడుతుంది. దానికి వేలాడుతున్న తాళం చూసినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. ఒక గేటు మూస్తే ఎంతమంది చేతులు ఖాళీ అవుతాయి? బయట బజ్జీలు వేసే ఆమె బండి కదల్లేదు. సైకిల్ స్టాండ్ పెద్దాయన ఊరికే వచ్చి, ఊరికే కూర్చుని పోయేవాడు. పల్లీలాయన మాస్కులు అమ్మడం మొదలుపెట్టాడు. వీళ్ళంతా కబడ్డీ ఆడేవాళ్ళు కాదు, ఆట మీద బతికేవాళ్ళు.

లోపల సంగతి ఇంకా కష్టం. కాలేజీ యాజమాన్యం సారును పిలిచి, గేటు రాబడి లేదు గనక ఈ ఏడాది టీమే వద్దంది. సారు ఇంటికొచ్చి గల్లీ చివర అరుగు మీద కూర్చుని నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"ఒక్కపాలి మూసిన టీంను మళ్ళ తెరువరు మేడం. పోరగాళ్ళ టీమైతే తెరుస్తరేమో. పోరిల్లది తెరువరు."

ఆ ఏడాది కెప్టెన్ సంతోష్‌నగర్ పిల్ల. తండ్రి తాపీ పని. అమ్మాయికి డిగ్రీ ఆఖరి సంవత్సరం. పోలీసు ఉద్యోగానికి ఆటల కోటాలో పెట్టుకోవాలంటే ఆ ఏడాది పోటీల్లో ఆడినట్టు కాగితం ఉండాలి. టీం లేకపోతే కాగితం లేదు. ఇంట్లో అప్పటికే పెళ్ళిమాటలు మొదలయ్యాయి.

నేను ఓదార్చబోయాను. ఆయన వినలేదు. ఆయన బుర్రలో ఇంకేదో తిరుగుతోంది.

నెల తిరిగేసరికి సారు మాస్కుతో నా కౌంటర్ ముందుకొచ్చి గుడ్డసంచీ పెట్టారు. పది రూపాయల నోట్లు, బిళ్ళలు. అదే పేడ వాసన. గేటుకు తాళం ఉంది, నా కళ్ళముందే ఉంది. మరి ఈ డబ్బు ఎక్కడిది?

"సార్, నిజం చెప్పున్రి. అప్పు తెచ్చిన్రా?"

"టికెట్లు అమ్మిన."

"ఎవ్వలను రానిస్తలేరు గదా!"

"అందుకే అమ్మిన. రానిస్తే వాళ్ళే వచ్చి కొంటుండె. రానిస్తలేరని నేనే పోయి అమ్మిన."

జరిగిందేమిటంటే, ఆయనకు ముందే టికెట్లు అచ్చు వేయించుకునే అలవాటు. లాక్‌డౌన్‌కు ముందే అఫ్జల్‌గంజ్ ప్రెస్సులో నీలం రంగు కాగితం మీద ఆ ఏటి టికెట్లన్నీ వేయించి పెట్టుకున్నారు. ప్రెస్సాయన వాపసు తీసుకోనన్నాడు. ఇంట్లో మంచం కింద కట్టలు కట్టలు. ఇంటావిడ పొయ్యిలోకి పనికొస్తాయేమో అందట. ఈయన వాటిని సంచీలో వేసుకుని గల్లీ గల్లీ తిరిగి, "మీరు రావొద్దు, మ్యాచ్ చూడొద్దు, కానీ టికెట్టు కొనున్రి" అని అమ్మారు.

"మరి చందా అని అడగొచ్చు గదా" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం అది. "చందా అయితే వాళ్ళు మర్చిపోతరు, నేను మర్చిపోత. టికెట్టయితే నేను వాళ్ళకు మ్యాచ్ బాకీ ఉంట."

బాకీ ఎలా తీరుస్తారని అడిగేలోపు వెనక లైనులో లొల్లి మొదలైంది. ఆయన వెళ్ళిపోయారు. నాకు ఆ రోజు అన్నం సయించలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే నేనూ మాస్కు పెట్టుకుని, కూరగాయల సంచీ పట్టుకుని ఆయన వెనకాలే బయల్దేరాను. దొంగతనంగానే. ఆయన మొదట మా పాలాయన కొట్టం దగ్గర ఆగారు. పాలాయన బర్రెల అవతల, సారు ఇవతల. సారు కట్టెపుల్లతో నేల మీద గీత గీశారు. ప్యాంటు అంచు మడిచారు. ముందురోజు జరిగిన మ్యాచ్ మొత్తం ఆయన ఒక్కడే ఆడి చూపించడం మొదలుపెట్టారు! రైడర్ ఆయనే, పట్టేవాళ్ళు ఆయనే, ఈల వేసే రిఫరీ ఆయనే. మాస్కులోంచి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని కూత. యాభై దాటిన మనిషి పేడలో కాలు జారకుండా బోనస్ గీత తొక్కుతుంటే పాలాయన నిజం మైదానంలో ఉన్నట్టే, "అరే పట్టు! కాలు పట్టు బిడ్డా!" అని అరుస్తున్నాడు. బర్రెలు బెదిరి అటూ ఇటూ జరిగాయి.

ఆఖరి రైడ్ వచ్చేసరికి సారు ఆపేశారు. చెయ్యి చాపారు. "టికెట్టు."

పాలాయన నీలం టికెట్టు ఇచ్చాడు. సారు సగానికి చింపి సగం వాపసిచ్చి, అప్పుడు ఆఖరి రైడ్ ఆడి, ఎవరు గెలిచారో చెప్పారు.

ఆ పద్ధతి ఎందుకో తర్వాత అడిగితే, "ముందే చింపితే నాకు బద్ధకమొస్తది, సగంల ఆపేస్త. గెలుపు ముందే చెప్తే వాళ్ళు లేసిపోతరు. టికెట్టు ఆఖర్న చింపితే ఇద్దరం కట్టుబడి ఉంటం" అన్నారు.

అక్కడి నుంచి పంక్చర్లు వేసే అతని దగ్గరకు, పూలమ్మే అవ్వ దగ్గరకు. పంక్చరాయన మన పిల్లలు ఓడిపోయారంటే ఒప్పుకోలేదు. "రిఫరీ తప్పు జెప్పిండు సార్! నా పది రూపాయలు వాపస్ ఇయ్యి!" అని లొల్లి. సారు మళ్ళీ ఆ రైడ్ ఆడి చూపించి, "చూడు భాయ్, మన పిల్ల కాలు గీత దాటింది, నేను అబద్ధం ఎందుకు జెప్త?" అని బుజ్జగించారు. పూలమ్మే అవ్వకు చూపు సరిగ్గా ఆనదు. ఆమె కోసం కూత మాత్రం గట్టిగా పెట్టేవారు.

ఆ ఏడాది పిల్లలు అన్ని మ్యాచ్‌లూ ఆడారు. పాలు, గుడ్లు ఆగలేదు. ఖర్చు యాజమాన్యం మీద పడటం లేదు గనక టీంను ఎవరూ తీసెయ్యలేదు. కెప్టెన్‌కు కాగితం వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగం కూడా వచ్చింది.

ఫైనల్‌కు నేనూ ఒక టికెట్టు కొన్నాను. మ్యాచ్ అయిన మర్నాడు సారు మా ఇంటి ముందుకొచ్చారు. అప్పుడు మా అమ్మకు జ్వరం, నేను తలుపు సందులోంచే, "ఇంకోసారి సార్, ఎవరు గెలిచిన్రో మాత్రం చెప్పకున్రి" అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. అంతే, అక్కడి నుంచి అదొక వేళాకోళమైపోయింది. కౌంటర్ దగ్గరకొస్తే, "మేడం, మీ మ్యాచ్ బాకీ ఉన్న" అనేవారు. లైను పెద్దగా ఉందనేదాన్ని. గల్లీలో కనబడితే పొయ్యి మీద కూర ఉందనేదాన్ని. రిటైరయ్యాక తీరిగ్గా వింటానన్నాను. రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పులన్నాను. ఎవరైనా ఆ ఫైనల్ మాట ఎత్తితే చెవులు మూసుకుని, నాకు సారే చెప్పాలి అనేదాన్ని. లోకంలో అందరి సంగతులూ ఆరా తీసిన దాన్ని, మా వెనక గల్లీ మనిషి దగ్గర ఒక గంట కూర్చోలేకపోయాను. దానికి నా దగ్గర ఏ సాకూ లేదు. సిగ్గుగా ఉంది.

పదకొండో రోజు కాలేజీ మైదానంలో ఆయన ఫొటో పెట్టి, పాత పిల్లలూ కొత్త పిల్లలూ ఒక మ్యాచ్ ఆడారు. గేటు దగ్గర అదే స్టూలు. దాని మీద పాత కెప్టెన్ కూర్చుని టికెట్లు చింపుతోంది. ఇప్పుడు కానిస్టేబులు. నేను పర్సులోంచి కొత్త పది రూపాయల నోటు తీయబోతే ఆ నీలం టికెట్టు కూడా బయటికొచ్చింది. ఆ పిల్ల గుర్తుపట్టింది.

"అమ్మో! ఇది మా ఫైనల్ టికెట్టు గదా మేడం! ఇంకా చింపలేదా?"

చెప్పాను. ఆ అమ్మాయి స్టూలు మీద నుంచి లేచి, చున్నీ నడుముకు బిగించింది.

"సారు బాకీ నేను తీరుస్త. రాన్రి."

మ్యాచ్ అయ్యాక, అందరూ ఉండగానే, ఆ అమ్మాయి ఒక్కతే కోర్టులోకి దిగి ఆ ఫైనల్ మొత్తం ఆడింది. సారు ఆడినట్టే, రైడరూ తానే, రిఫరీ తానే. కూతలో ఆయన గొంతు విరుపు కూడా వచ్చింది. జనం చుట్టూ మూగారు. అప్పట్లో టికెట్లు చింపించుకున్నవాళ్ళంతా ఫలితం తెలిసినవాళ్ళే. మా పాలాయన ఎక్కడ నోరు జారుతుందో అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పంక్చరాయన పెదవులు బిగించి నా వైపే చూస్తున్నాడు.

రెండు జట్ల పాయింట్లూ సమానం. ఆఖరి రైడ్ మనది. కెప్టెనే వెళ్ళింది. ఒకరిని తాకింది, వెనక్కి తిరిగింది, నడుము దగ్గర దొరికిపోయింది, కింద పడింది, గీత కోసం చెయ్యి చాపింది. అక్కడ కూత ఆపేసింది. మట్టిలో అలాగే బోర్లా పడుకుని, చాపిన అరచెయ్యిని పైకి తిప్పింది.

"టికెట్టు మేడం."

టికెట్టు నా చేతిలోనే ఉంది. రెండడుగులు వేసి ఇచ్చేస్తే చాలు, ఇన్నేళ్ళ ఆరా తీరిపోతుంది. దానితోపాటు సారు నాకు ఉన్న బాకీ కూడా తీరిపోతుంది. బాకీ తీరాక ఆయన నా దగ్గరకు రావాల్సిన పనేముంది?

"ఉండనీ బిడ్డా" అన్నాను. మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకున్నాను.

ఆ పిల్ల వెంటనే లేవలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది. వేళ్ళకూ గీతకూ మధ్య జానెడు మట్టి.