ఉప్పలయ్య పొట్టేలు, నూట ఇరవై మీటర్ల రోడ్డు

ఉప్పలయ్య మామ అర్జీలన్నీ రాసింది నేనే. చిలుకూరులో నాకు జిరాక్స్ షాపుంది. ఆదివారం ఒక్కరోజే సెలవు. ఆ రోజే మామ పొద్దున్నే మా గడప మీద ప్రత్యక్షమయ్యేవాడు. సోమవారం సూర్యాపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కదా, అందుకు.

"నవనీతా, గీసారి జర గట్టిగ రాయి బిడ్డా."

"పోయినసారి గట్టిగనే రాసిన మామా."

"గట్టిగ రాస్తే రోడ్డెందుకు రాలే?"

నాకు ఒళ్లు మండేది. రోడ్లు వేసేది నేనైనట్టు! అయినా రాసేదాన్ని. ఎందుకు రాసేదాన్నో చెబుతాను.

మా గొల్లబజారులో మొదటి ఇల్లు మాది, చివరి ఇల్లు మామది. మూడేళ్ల కింద నాయకులొచ్చి మామ ఇంటి ముందు శిలాఫలకం పాతి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి వెళ్లారు. ఉపాధి హామీ నిధులతో నూట ఇరవై మీటర్ల సీసీ రోడ్డట. రాయి వచ్చింది, రోడ్డు రాలేదు. ఉత్తగా ఉండటమెందుకని మామ ఆ రాయికి గొర్రెపిల్లను కట్టేశాడు. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నలుపు. అది అక్కడే పెరిగి పొట్టేలయింది.

ఆ వానాకాలమే మామ భార్య తిరుపతమ్మత్త బురదలో జారి పడింది. ఆటో మా ఇంటి దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేనంది. నలుగురు అత్తను మంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. బజారంతా లేచి నిలబడింది. మా అమ్మయితే సంగతి తెలుసుకోకుండానే ఏడుపు అందుకుంది.

"నేను బతికే ఉన్ననే!" అని మంచం మీంచి అత్త అరిచింది.

మిర్యాలగూడ దవాఖానలో చూసి మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. అత్త ఇంటికొచ్చి తేల్చేసింది. "బండి నా గడప ముందటికొస్తెనే పోత. ఇంకోపాలి మంచమెక్కి ఊరేగ."

ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. గోడ పట్టుకొని పొయ్యి దాకా, మళ్లీ గోడ పట్టుకొని మంచం దాకా. నవ్వుతూ తిరిగిన మనిషి అలా అయిపోతే చూడలేకపోయేవాళ్లం. మామ మాత్రం రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి నా ప్రాణం తీయడం. రెండోది, పెద్దగట్టు చౌడమ్మకు మొక్కుకోవడం. రోడ్డు పని పూర్తయితే ఈ పొట్టేలు నీదే తల్లీ అన్నాడు.

చివరికి రోడ్డు కదిలింది. రోడ్డు పని చూసే ఏఈ దామోదర్ సారు ఫోను పట్టుకొని వచ్చాడు. పనికి ముందు ఒకటి, మధ్యలో ఒకటి, అయ్యాక ఒకటి, ఒకే చోట నిలబడి మూడు ఫొటోలు తీసి పైకి పంపాలట. మొదటి ఫొటో తీశాడు. రాయి మీది అక్షరాలకు పొట్టేలు అడ్డంగా నిలబడిందని అప్పుడెవరూ చూసుకోలేదు. పై ఆఫీసు చూసింది. ఇది ఫలానా బజారేనని గుర్తేమిటని అడిగింది. ఆ ఫొటోలో ఉన్నదల్లా బురద, పొట్టేలు. బురద ఏ ఊళ్లోనైనా ఒకటే. అందుకని సారు పొట్టేలునే గుర్తుగా రాసి పంపాడు.

దామోదర్ సారు వచ్చి మామ చేతులు పట్టుకున్నాడు. "ఉప్పలయ్యా, ఆఖరి ఫొటో పాసయ్యేదాక ఈ పొట్టేలు ఈడికెల్లి కదలొద్దు. రోజూ గిదే రాయికి, గిట్లనే కట్టు."

సర్కారు తన పొట్టేలును గుర్తు పెట్టుకుందని మామ నెల రోజులు ఛాతీ విరుచుకొని తిరిగాడు.

కోదాడ కాంట్రాక్టరు రోడ్డు పోశాడు. నీళ్లు పట్టారు. ఆరింది. బజారు మొదట్లో ముళ్లకంప అడ్డం పెట్టి, "ఫొటో పాసయ్యేదాకా బండ్లు రానివ్వకండి, మరక పడిందంటే నా బిల్లు పోద్ది" అన్నాడు. ఆటోవాడు కంప అవతల, అత్త గడప ఇవతల. మధ్యలో నున్నటి రోడ్డు.

ఫొటో రోజు దామోదర్ సారు బండి దిగి, ఫోను ఎత్తి, దించి, మామ వైపు చూశాడు. రాయి దగ్గర పసుపుపచ్చ పొట్టేలు నిలబడి ఉంది. కొమ్ముల నుంచి తోక దాకా పసుపు, నుదుట కుంకుమ, మెళ్లో గంటలు.

"గిదేంది ఉప్పలయ్యా?"

"సర్కారు ఫొటో గద సారూ. అమ్మోరికి మొక్కిన జీవం. పసుపు పెట్టకుంట ఎట్ల నిలబెడత?"

"నాకు తెల్లది కావాలె!"

కడిగారు. బోరు దగ్గర ఒకసారి, సర్ఫుతో ఒకసారి, షాంపూతో ఒకసారి. పసుపు వదల్లేదు. అత్త గడపలో కూర్చొని మొగుణ్ని తిట్టిన తిట్లకు కాంట్రాక్టరు కూడా పక్కకు తప్పుకున్నాడు. "నా కాలు నీ పొట్టేలు కాడ ఆగిపోయెనా!" అని చివరికి ఏడ్చేసింది. మామ తలెత్తలేదు. మర్నాటి నుంచి రోజూ తెల్లారగానే దాన్ని తోముతూ కూర్చున్నాడు. తొమ్మిదో రోజుకి ఎలాగో ఒకలా తెల్లబడింది. ఫొటో పాసయింది. కంపను మామే లాగి పారేశాడు. ఆటో అత్త గడప ముందుకొచ్చి ఆగింది. అత్త పట్టుచీర కట్టుకొని ఎక్కింది, ఆపరేషన్‌కు!

అక్కడితో అయిపోయేదే. కానీ అత్త తిరిగొచ్చి, కట్లు విప్పించుకొని, "జాతరొస్తుంది, పొట్టేలును పెద్దగట్టుకు తోల్కపోవద్దా?" అంది.

మామ పొట్టేలు మెడ నిమురుతూ, "పని యాడ పూర్తయిందే?" అన్నాడు. "అర్జీల రోడ్డూ, మురికినీళ్లు పోయే మోరీ అని ఉన్నది. నవనీతే రాసింది. మోరీ కాలే గద. పని పూర్తి కాంది మొక్కెట్ల చెల్లిస్త?"

పని ఇంకా కాలేదన్నందుకు మూడేళ్లు ఆఫీసర్లను తిట్టిన మనిషి ఇతను! ఇప్పుడు చౌడమ్మకే ఆఫీసరయ్యాడు. రోజూ ఒళ్లు తోమి తోమి పొట్టేలుతో చుట్టరికం కలుపుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

మొన్న ఆదివారం తలుపు తీసి చూస్తే, బజారు చివర నుంచి అత్త వస్తోంది. గోడ పట్టుకోలేదు, ఎక్కడా కూర్చోలేదు. నూట ఇరవై మీటర్లూ నడిచి మా గడపెక్కింది. మా అమ్మ మళ్లీ ఏడ్చింది, ఈసారి సంగతి తెలిసే.

"మోరీకి అర్జీ రాయి నవనీతా, రేపు నేనే పోయి ఇస్త. గట్టిగ రాయి" అంది అత్త.

ఆమె వెనకే మామ, చేతిలో పలుపు, పలుపు చివర పొట్టేలు. దారంతా ఆమె నడకే చూస్తూ వచ్చాడేమో, కళ్లు తడిగా ఉన్నాయి. అత్త నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లగానే నా దగ్గరికి వంగాడు.

"గీ ఒక్కపాలి జర మెల్లగ రాయి బిడ్డా."