పోశన్న కుడిచెవి

పొద్దున్నే ముఖం కడుక్కోగానే పోశన్న కుడిచెవి దగ్గర చిటిక వేసి చూస్తాడు. తర్వాత ఎడమచెవి దగ్గర. ఎడమవైపు ఏమీ ఉండదని తెలిసినా వేస్తాడు. కుడివైపు చిటిక వినపడితే ఆ రోజుకు అదే చాలు. క్యాంపులో గదిలోవాళ్లు అది ఆయన దండం పెట్టుకునే పద్ధతి అనుకుంటారు.

బహ్రెయిన్ వచ్చిన కొత్తలో ఆయన చేతికిచ్చింది బ్రేకర్. రోడ్డు పగలగొట్టే ఆ మిషన్‌ను ఏళ్ల తరబడి పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. చెవుల్లో దూది పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ ఎండలో పెట్టుకునేవాడు కాదేమో. వయసు యాభైకి దగ్గరపడ్డాక కంపెనీ తేలిక పని ఇచ్చింది. తవ్వబోయే చోట నేల కింద కరెంటు తీగలున్నాయో లేవో కనిపెట్టే మిషన్ పని. దాన్ని చేతికర్రలా పట్టుకుని నేల మీద ఊపుతూ నడవాలి. కింద తీగ ఉంటే అది సన్నగా కూస్తుంది. సరిగ్గా తీగ మీదికి వచ్చేసరికి కూత పెరుగుతుంది. అక్కడ రంగుతో గీత గీయాలి. గీత లేని చోట మనుషులు తవ్వుతారు.

జగిత్యాల దగ్గరి తన ఊరికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే భార్య వినోద, "మంచిగైంది. ఇగ దాన్ని ఇడువకు," అంది. ఆ వెంటనే, "గట్టిగెందుకు ఒర్రుతున్నవ్? వాడకట్టంత ఇంటున్నరు," అంది.

"ఈడ గాలెక్కువ," అన్నాడు పోశన్న.

ఆ సన్నటి కూత తన చెవికి అందడం లేదని మొదట్లోనే తెలిసిపోయింది. మిషన్‌కు చిన్న తెర ఉంది కానీ ఎండలో అది నల్లగా తప్ప కనిపించదు. ఈ సంగతి ఇంకొక్కడికే తెలుసు. అతను శాంసన్, భీమవరం వైపు మనిషి. పోశన్న గీతల్ని నమ్మి గుంత తవ్వేది అతనే. పక్కనే నడుస్తూ, మిషన్ కూయగానే భుజం మీది తువ్వాలు దులిపేవాడు. పోశన్న ఆగి గీత గీసేవాడు.

"మీ మిషన్‌కి రెండు బ్యాటరీలన్నయ్యా. ఒకటి లోపలుంది, రెండోది నేను," అనేవాడు శాంసన్.

"నీకు చార్జింగ్ చాయ్‌తోటే గదా తమ్మీ," అనేవాడు పోశన్న.

ఆ మధ్య బుదైయా అనే ఊళ్లో ఒక తోట గోడ పక్కన పని పడింది. శాంసన్ ఇంకా వ్యాన్‌లోంచి సామాన్ దించుతున్నాడు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ చేతులూపాడు. శాంసన్ కోసం ఆగితే ఎందుకాగావని అడుగుతాడు. పోశన్న ఒక్కడే గోడ పొడవునా నడిచాడు. ఏమీ వినపడలేదు. కింద ఏమీ లేదు కాబట్టే వినపడలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఒక్క గీతా గీయకుండా, ఫోర్‌మన్ చూస్తుండగా, సామాన్‌తో వచ్చిన శాంసన్‌కు తవ్వమని బొటనవేలు చూపించాడు.

మోకాలి లోతు పోయాక శాంసన్ గునపం సిమెంటు పలకకు తగిలింది. అలాంటి పలకలు కరెంటు తీగల మీదే పరుస్తారు. పలక పగిలి, గునపం ఆ పగులులో ఇరుక్కుని ఆగింది. శాంసన్ దాన్ని అక్కడే వదిలేసి పైకి వచ్చి నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో వచ్చి పోశన్నకు కుడిపక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, నాకు చిన్నపిల్లలున్నారు. రేపట్నించి మీ గీతలు నమ్మి నేను తవ్వను."

"నువ్వు పక్కకుంటే ఏంగాదు తమ్మీ. ఇయ్యాల నువ్వు లేవు, గంతే."

"ప్రతిసారీ ఉంటానా? ఫోర్‌మన్‌కి నేను చెప్పను. మీరే చెప్పండి."

"చెప్తే నన్ను ఇంటికి తోలుతరు."

శాంసన్ కిటికీ వైపు తిరిగాడు. "చెప్తే మీరు విమానమెక్కి ఊరికి వెళ్తారు. చెప్పకపోతే నేను శవప్పెట్టెలో వెళ్తాను," అన్నాడు.

మర్నాడు పోశన్న మిషన్‌ను ఫోర్‌మన్ బల్ల మీద పెట్టి తన చెవి చూపించాడు. ఫోర్‌మన్ తిట్టలేదు. పార పట్టగలవా అని హిందీలో, గట్టిగా, రెండుసార్లు అడిగాడు. పోశన్న తలూపాడు.

వినోదకు ఈ సంగతి చెప్పలేదు. మిషన్ పని ఎట్లుందని ఆమె అడిగినప్పుడల్లా మంచిగుందనే అంటాడు.

ఇప్పుడు పని సిత్రా అనే చోట; అక్కడ మిషన్ పట్టుకుని శాంసన్ నడుస్తాడు. అతని గీతలు చూసుకుంటూ పోశన్న గుంతలు తవ్వుతాడు.