దారికి అడ్డం కట్టిన తాడు

ఊటలగుంపులో నాగక్క గొంతు తెలియనివాళ్లు లేరు. పినపాక దాటి అడవిలోకి మళ్లితే వచ్చే చిన్న కోయగూడెం అది. తునికాకు కోతకు పోయినా, మిరపతోటలో కూలికి పోయినా ముందు నాగక్క పాట ఎత్తుకోవాలి, తర్వాతే మిగతా ఆడవాళ్ల చేతులు ఆడాలి.

"నీకు కూలి చేతులకిస్తున్నరా, నోటికిస్తున్నరా?" అని మొగుడు లచ్చయ్య ఎగతాళి చేసేవాడు.

"నోటికే. చేతుల కూలి నీ కల్లుకే చాలదాయె" అనేది.

అట్లాంటి మనిషి ఏడాదిపాటు నోరు మూసుకుంది. ఎందుకు మూసుకుందో తెలియాలంటే ముందు విత్తనాల పండుగ సంగతి చెప్పాలి.

తొలకరికి ముందు, గింజ భూమిలో పడకముందు చేసే పండుగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఏదో ఒకటి దొరికిందాకా ఊరి మొహం చూడరు. ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు కడతారు. బస్సయినా, లారీ అయినా, ఎడ్లబండి అయినా ఆగాల్సిందే. వీళ్లు పాట పాడతారు, ఆగినవాళ్లు తోచింది చేతిలో పెడతారు, తాడు దిగుతుంది. ఊటలగుంపులో దీనికో కట్టుబాటు ఉంది. పాట పాడకుండా పైసా ముట్టకూడదు. పైసా ముట్టకుండా తాడు దించకూడదు. ముట్టాక మాత్రం, వచ్చింది పగవాడైనా సరే, చల్లగా పోయిరమ్మని దారి ఇవ్వాలి. నాగక్క అత్త కాలం నుంచీ, ఆ అత్తకు అత్త కాలం నుంచీ అంతే.

రెండువేల ఏడులో సరిగ్గా ఆ పండుగ నాడు జీపులు వచ్చాయి. తెల్లచొక్కాలు, మెడలో కార్డులు. నాగక్క గొంతెత్తింది. ఆ రోజు గొంతు మరీ బాగుంది, అదీ ఆమె ఖర్మ. ముందు జీపులోంచి పెద్దాఫీసరు దిగి, నవ్వుతూ ఫొటోలు తీసుకుని, నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. నాగక్క కోడలు కొండమ్మ అయితే మురిసిపోయి ఆయన నుదుట బొట్టు కూడా పెట్టింది.

"చల్లగ పోయి రాండ్రి సారూ" అని నాగక్క తాడు దించింది. ఎవరో మారాజు అనుకుంది. మారాజే మరి!

వాళ్లు పోయింది పక్క ఊరి బడికి. అక్కడ షామియానా కింద ఆ రోజు ప్రజాభిప్రాయ సేకరణ. ఊటలగుంపునూ, దాని పొలాలనూ, వెనకున్న అడవినీ తవ్వి బొగ్గు తీయాలని ఒక కంపెనీ చూస్తోంది. తవ్వే ముందు అక్కడి జనాన్ని అడగాలని చట్టం. అడిగారు. ఎవరిని? ఖాళీ కుర్చీలను. ఊటలగుంపు మగవాళ్లేమో అడవిలో, ఆడవాళ్లేమో తాడు దగ్గర. నోటీసు పంచాయతీ గోడకు అంటించామన్నారు. ఆ గోడ దగ్గరకు మేకలు తప్ప ఎవరు పోతారు? పొద్దు వాలకముందే షామియానా విప్పి, ఊటలగుంపు నుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదని రాసుకుని వెళ్లిపోయారు.

ఈ మాట ఊళ్లోకి మోసుకొచ్చింది ప్రభాకర్. మణుగూరులో బొగ్గు గని డంపర్ లారీ నడుపుతాడు. తండ్రి పొలం గని కింద పోతే ఆ ఉద్యోగం ఇచ్చారు. తాను దున్నాల్సిన చోటే రోజూ మట్టి ఎత్తిపోస్తాడు. అందుకే ఎక్కడ కొత్త గని అన్నా ఆ మనిషికి అన్నం సయించదు.

"ఏందక్కా, గంత పెద్ద మీటింగు పెడితే మీ ఊరోళ్లు ఒక్కరు రాలె?"

"ఏం మీటింగు తమ్మీ?"

అతను చెబుతుంటే నాగక్క మధ్యలోనే ఆపింది. "గా తెల్లచొక్కాల జీపులేనా? వాటికి తాడు దించింది నేనే గదా" అంది.

అప్పటినుంచి ప్రభాకర్ సెలవు దొరికినప్పుడల్లా ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. భద్రాచలంలో ఖమ్మం పొమ్మన్నారు. ఖమ్మంలో భద్రాచలం పొమ్మన్నారు. నాగక్క అడిగింది ఒకటే. మీటింగు మళ్లీ పెట్టండి, పండుగ కాని రోజు పెట్టండి, గని వద్దని మా నోటితో మేం చెప్పుకుంటాం. వింటే కదా! పంచాయతీ గోడకు చెప్పుకున్నా నయమే, మేకలైనా తల ఊపుతాయి.

చివరికి ఎక్కడో వేరే జిల్లా ఎంపీ ఒకాయన దొరికాడు. పెద్దపెద్ద ప్రాజెక్టులకు అనుమతులిచ్చే పద్ధతి మార్చాలని పార్లమెంటులో చర్చకు వస్తోందట. జనాన్ని అడిగే తంతు వల్ల పనులు ఆగిపోతున్నాయి, తగ్గించాలని కొందరు. ఇప్పటికే అది ఉత్త తంతు, దాన్ని గట్టి చేయాలని కొందరు. ఆ చర్చలో ఊటలగుంపు పేరెత్తి, మీటింగు మళ్లీ పెడతామని మంత్రి చేత అనిపిస్తానని ఆయన మాటిచ్చాడు. మంత్రి ఒక్క మాట అన్నాడంటే పని అయిపోయినట్టే అన్నాడు ప్రభాకర్.

పినపాకలో సారంగపాణి టీ హోటల్లో టీవీ ఉంది. నాగక్క, కొండమ్మ, మరి కొందరు ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని ప్రభాకర్ వెంట పోయి బల్లల మీద కూర్చున్నారు. మొదటి రోజు ఏదో గొడవతో సభ వాయిదా పడింది. ఒక పూట కూలి పోయింది. రెండో రోజు మళ్లీ పోయారు. సినిమా పెట్టమని గిరాకీలు గోల పెడుతున్నా సారంగపాణి చానల్ మార్చలేదు. ఆ పుణ్యం ఆయనది.

"ఒకలు మాట్లాడుతుంటే పదిమంది లేస్తున్నరు. బోరింగు కాడ మనమే నయం" అంది కొండమ్మ.

నాగక్క టీవీకేసి తేరిపార చూసింది. "ఆడ గూడ ఎక్కువ ఖాళీ కుర్చీలే ఉన్నయ్" అంది.

భోజనాల వేళ దాటాక ఆ ఎంపీ లేచాడు. ప్రభాకర్‌కు తప్ప ఎవరికీ భాష అర్థం కాలేదు గానీ, మధ్యలో "ఊటలగుంపు" అన్నమాట అందరికీ వినబడింది. ఆడవాళ్లు ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకున్నారు. కొండమ్మకు కళ్లనీళ్లే వచ్చాయి. తర్వాత మంత్రి లేచి కాగితం చూసి చదివాడు, చివర నవ్వుతూ ఏదో అడిగాడు. సభలో కొందరు బల్లలు చరిచారు.

"ఏమన్నడు తమ్మీ?"

"ఏం లేదక్కా. చూస్తమన్నడు."

"అబద్ధమాడకు. నీ మొఖం చూస్తే తెలుస్తలేదా?"

ప్రభాకర్ తల వంచుకున్నాడు. "ఆఫీసర్లు పోయిన నాడు ఊటలగుంపు ఆడోళ్లు పాటలు పాడి, బొట్టుపెట్టి, చల్లగ పోయి రమ్మన్నరంట. ఫొటోలు గూడ ఉన్నయంట. గని వద్దనెటోళ్లు గట్ల పాడుతరా అని అడుగుతున్నడు. మళ్ల మీటింగు అక్కర్లేదన్నడు."

నాగక్క గ్లాసులో టీ అట్లాగే చల్లారిపోయింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా కొండమ్మ బొట్టు పెట్టిన వేలిని కొంగుకేసి తుడుస్తూనే ఉంది. కోడలిని ఓదార్చే ఓపిక కూడా అత్తకు లేదు.

ఆ ఏడు వరినాట్లకు పాట లేదు. మిరపకోతకు లేదు. అడిగితే గొంతు పోయిందనేది. నిజానికి పోయింది గొంతు కాదు. తన పాటే ఊరిని అమ్మేసిందని ఆమెకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు మోసీ మోసీ అలసిపోయింది.

లచ్చయ్య ఎగతాళి మానేశాడు. "పాడవే. నీ పాటకు గని వస్తదా ఏంది, పిచ్చిదానా" అని ఒకరోజు బతిమాలాడు.

"వస్తదనే అన్నడు ఢిల్లీల మంత్రి" అంది నాగక్క.

మళ్లీ తొలకరి దగ్గర పడింది. మళ్లీ పండుగ వచ్చింది. ఈసారి వేటకు పోనన్నాడు లచ్చయ్య. "పో. మనం మానుకుంటే మొలవమని గింజలకెవరు చెప్తరు?" అని నాగక్కే విల్లు తీసి చేతికిచ్చింది. ఆడవాళ్లు ఎప్పటిలాగే దారికి తాడు కట్టారు. పొద్దునొచ్చిన బస్సుకు కొండమ్మే పాడింది.

ఎండ ముదిరేసరికి జీపొకటి వచ్చి ఆగింది. వెనక నేలకు బొక్కలేసి బొగ్గు లోతు చూసే మిషన్ లారీ. జీపు దిగింది పోయినేటి పెద్దాఫీసరే. నాగక్కను గుర్తుపట్టి మొహమంతా నవ్వాడు. పాపం, ఆయన నవ్వులో కల్మషం కూడా లేదు.

"ఏమ్మా, బాగున్నావా? పాడు, పాడు. నీ పాట ఢిల్లీ దాకా పోయింది తెలుసా?" అంటూ కెమెరా తీశాడు.

కొండమ్మ అత్త మొహం చూసి, ఎత్తబోయిన పాట మింగేసింది. ఆడవాళ్లంతా నాగక్క వైపే చూశారు. ఆమె వచ్చి తాడు పక్కన కూలబడింది.

ఆఫీసరు నోటు తీసి కొండమ్మకు చాపాడు. కొండమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"పాట లేకుండ ముట్టొద్దు సారూ."

"సరే, తాడు దించండి."

"పైసలు ముట్టకుండ దించొద్దు సారూ."

"మరి పాడమనమ్మా మీ అత్తను!"

"ఈయేడు పాట లేదు" అంది నాగక్క.

ఆఫీసరు నవ్వు పోయింది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్క ఆడమనిషీ కదలలేదు. "ఇదేం పద్ధతి? రేపు పోలీసులతో వస్తాం, అప్పుడేం చేస్తారు?" అన్నాడాయన.

"రాండ్రి. రేపు పండుగ ఉండది, తాడు గూడ ఉండది" అంది నాగక్క. కోపంగా అనలేదు. కోపానికి కూడా సత్తువ కావాలి కదా. తాడుమీద చెయ్యి వేసి, కొంగు తలమీదికి లాక్కుని, కెమెరాకేసి తిన్నగా చూసింది.

"ఫొటో తీస్కోండ్రి సారూ. గిది గూడ ఢిల్లీకి పంపుండ్రి."

ఆఫీసరు కెమెరా జేబులో పెట్టుకున్నాడు.