మామగారి బండికి ఎర్త్ ఇచ్చాను

మా మామగారు పోయిన రెండేళ్ళకి నేనాయన్ని బందరు కాలవ గట్టు మీద పరిగెత్తించాను. నవ్వకండి. డిసెంబరు మంచులో, సమాధుల దొడ్డి పక్కనుంచి, వెనక అత్తగారిని కూర్చోబెట్టుకుని ఒక్కసారి బండి నడిపి, అప్పుడు నవ్వండి.

డెబ్భైల్లో మాట. నాకు కొత్తగా పెళ్ళయింది. మామగారిని నేను ఫొటోలో తప్ప చూడలేదు. ఆయన వదిలి వెళ్ళిన పాత మోటారు సైకిలు మాత్రం బందరు కాలవ పక్క పల్లెలో అత్తగారింటి వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉండేది. పెళ్ళిచూపుల్లో తనని కూడా నేనంత ఇదిగా చూడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. క్రిస్మస్‌కి వెళ్ళేసరికి అత్తగారు దాన్ని బెజవాడ వన్ టౌన్‌లో పాత ఇనప కొట్టుకి బేరం పెట్టేశారు.

"అమ్మకండి అత్తయ్యగారూ, నేను బాగుచేస్తాను. నేను బియ్యెస్సీ ఫిజిక్సు."

"ఫిజిక్సులో బళ్ళు కూడా ఉంటాయా అల్లుడు గారూ?"

"కరెంటు ఉంటుందండీ."

"సరే. పండగ వెళ్ళాక నేను బెజవాడ వెళ్ళాలి. దార్లో ఆగకుండా తీసికెళ్ళారా, బండి మీదే. ఆగిందా, అటునించి అటే ఇనప కొట్టుకి."

ఇంజను దగ్గుతూ అయినా లేచేది. లైటే వెలగదు, హారను మోగదు. వైర్లన్నీ ముసలివై ఒకటే మట్టిరంగుకి వచ్చేశాయి. మా ఆవిడ రిబ్బన్లు చింపి ఒక్కో వైరుకీ ఒక్కో రంగు ముక్క కట్టి, హెడ్‌లైటు నుంచి బ్యాటరీ దాకా వెతుక్కుంటూ పోయాను. ఎలకలు కొరికినవన్నీ అతికాను. బండి పెళ్ళికూతురిలా తయారైంది గాని లైటు మాత్రం వెలగలేదు. బస్సెక్కి బెజవాడ వెళ్ళి, గవర్నర్‌పేటలో ఒక మెకానిక్కుని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు.

"ఎర్త్ పోయిందండీ. గట్టిగా ఎర్త్ ఇవ్వండి, అదే వెలుగుద్ది."

ఎర్త్! అది నాకు తెలియకపోవడమేమిటి? ఇంటికి గొయ్యి తవ్వి ఇనప కడ్డీ పాతుతారు. ఇంటికైనా బండికైనా భూమి ఒక్కటేగా! పెరట్లో గేదెని కట్టే ఇనప గూటం పీకి, దానికి చాంతాడంత వైరు కట్టి, రెండో కొస బ్యాటరీ పక్క బోల్టు కింద తుప్పు గీకి బిగించాను. గూటం భూమిలో దిగ్గొట్టి, చుట్టూ నీళ్ళు పోసి స్విచ్చు వేశాను. లైటు భగ్గుమంది. నిజానికి పనిచేసింది తుప్పు గీకడమేనట. బండికి ఎర్త్ అంటే దాని ఇనప ఒళ్ళేనట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి నా నమ్మకమంతా గూటం మీదే.

మరి ప్రయాణంలో ఎలా? వైరు చుట్ట చుట్టి, గూటంతో సహా వెనక మడ్‌గార్డుకి వేలాడదీశాను. దారిలో లైటు మొరాయిస్తే దిగి, గూటం పాతి, కాస్త ఎర్త్ పట్టుకుని మళ్ళీ బయల్దేరవచ్చని నా ఎత్తు.

తెల్లవారకముందే బయల్దేరాం. కాలవేదో గట్టేదో తెలియనంత మంచు. మామగారిని పెట్టిన సమాధుల దొడ్డి దగ్గర ఒక గతుకులో పడి లేచాం. అంతే, వెనకనుంచి మొదలైంది. ఖణ్... ఖణ్... ఖణ్...

"అల్లుడు గారూ, ఎవరో వస్తున్నారు."

తల తిప్పి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. వేగం పెంచాను. అదీ పెంచింది. తగ్గిస్తే తగ్గించింది. అది ఖణ్‌మన్నప్పుడల్లా మా లైటు ఆరి వెలుగుతోంది. ఆపుదామంటే బండి పోతుంది, ఆపకపోతే ప్రాణం పోయేలా ఉంది.

"ఏవండీ," అన్నారు అత్తగారు.

"ఆఁ, చెప్పండి."

"మిమ్మల్ని కాదు."

నేను హ్యాండిలు మీదికి వంగిపోయాను.

"మీ చేతికర్ర ఇనప పొన్ను చప్పుడు నాకు తెలీదా? ఏవండీ, ఆ కర్ర కోసమేనా వచ్చారు? అది లేదండీ. తుపానుకి కట్టెలు తడిసిపోతే పొయ్యిలో పెట్టేశాను."

ఖణ్! లైటు ఆరిపోయింది.

"కోప్పడకండి!" అని ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. సండే స్కూల్లో నేర్చుకున్న ప్రార్థనలన్నీ నేను ఒకదాంట్లో ఒకటి కలిపేసి గొణుగుతున్నాను. ఇంతలో ఆవిడ గొంతు మారింది.

"ఆ బండి కనపడితే సాయంత్రం మీరొచ్చేసినట్టే ఉంటుందండీ. లోపలికి మాత్రం రారు. చూళ్ళేకే అమ్మేద్దామనుకున్నా. అమ్మను లెండి. అల్లుడికిచ్చేస్తా. పని రాదు గాని మంచోడే."

అంత భయంలోనూ 'పని రాదు' దగ్గర నాకు చివుక్కుమంది.

కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి తెల్లారుతోంది. మంచులోంచి ఎవరో పిలిచారు.

"ఏవండోయ్! ఏవండీ!"

ఇద్దరం ఒక్కసారే కెవ్వుమన్నాం. నాకు తెలియకుండానే బ్రేకు పడింది. బండి ఆగింది. టీ కొట్టాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"గేదె ఏదండీ?"

"ఏం గేదె?"

"గూటం ఈడ్చుకొస్తున్నారు గదండీ! గేదె ఎక్కడ తెంపుకుపోయిందో చూసుకోరా?"

వెనక్కి చూశాను. గతుకులో జారిన వైరు చుట్ట పొడుగ్గా సాగి రోడ్డు మీద పడుంది. దాని చివర గూటం.

"ఇదేంటి అల్లుడు గారూ?"

"ఎర్త్ అండీ."

అత్తగారు గూటాన్ని కాలితో కదిపి చూశారు. పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు.

"దార్లో మీరేం వినలేదు. ఇక్కడ నేనేం చూళ్ళేదు."

"అలాగేనండీ. మరి... బండి ఆగిందిగదండీ."

"ఆగితే అమ్ముతానని మీతో అన్నాను. అమ్మనని ఆయనతో అన్నాను. ఎవరికిచ్చిన మాట నిలబెట్టుకోమంటారు?"

గూటాన్ని టీ కొట్టు దగ్గరే వదిలేశాం. బెజవాడలో పని చూసుకుని చీకటి పడుతుండగా తిరిగి వస్తుంటే, సమాధుల దొడ్డి గతుకు దగ్గర లైటు ఒక్కసారి ఆరి వెలిగింది. వెనక చప్పుడేమీ లేదు.

"ఇంటికే వెళ్తున్నాం లెండి," అన్నారు అత్తగారు. ఎవరితోనో నేను అడగలేదు.

కాబట్టి చూడని మామగారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ బండికీ గూటం కట్టను. కట్టక తప్పకపోతే, అడిగినవాళ్ళకి చూపించడానికి గేదెని కూడా వెంట తీసుకెళ్తాను.